అమ్మకి కాంట్రాస్ట్ సీటీ రాశారు, చేయించొచ్చా?

మీరు రాసింది ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. అమ్మగారికి 62 ఏళ్లు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.4 వచ్చింది. అల్ట్రాసౌండ్‌లో కాలేయంలో గడ్డలాంటిది కనిపించిందని డాక్టరుగారు కాంట్రాస్ట్ సీటీ, అంటే నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్, రాశారు. స్కానింగ్ సెంటర్లో సంతకం పెట్టమని ఇచ్చిన కాగితంలో ‘ప్రాణాపాయం’ అన్న మాట చూసి భయపడి ఇంటికి వచ్చేశారు. ఆవిడకి రొయ్యలు పడవు. చివర్లో ఒక్క వాక్యంలో, 15 ఏళ్ల కిందట కిడ్నీలో రాళ్ల కోసం ఐవీపీ (ఇలాంటి మందే నరంలోకి ఎక్కించి తీసే కిడ్నీ ఎక్స్‌రే) తీసినప్పుడు ఒంటినిండా దద్దుర్లు వచ్చాయని రాశారు. మందు లేకుండా ప్లెయిన్ సీటీ సరిపోదా, ఆ మందు కిడ్నీలని పాడు చేస్తుందా అన్నది మీ ప్రశ్న.

నేను రేడియోగ్రాఫర్‌ని. 24 ఏళ్లుగా సీటీ గదిలోనే పని. నరంలో కాన్యులా (సన్నటి గొట్టం) పెట్టి, మందు ఎక్కించి, అద్దం వెనక నిలబడి పేషెంటు ముఖం చూస్తూ ఉండేది మేమే. అమ్మగారి విషయంలో నిర్ణయం మీ డాక్టరుది, స్కాన్ చూసి రిపోర్టు ఇచ్చే అక్కడి రేడియాలజిస్టుది. వాళ్లతో మీరు ఏం మాట్లాడాలో మాత్రం నేను చెప్పగలను. కిడ్నీల గురించి మీరు బోలెడు రాశారు, రొయ్యల గురించి కొంత రాశారు, దద్దుర్ల సంగతి మాత్రం ఒక్క లైనుతో ముగించారు. నా దృష్టిలో మీరు రాసినదంతటిలోకీ ముఖ్యమైనది ఆ ఒక్క లైనే. మీ ఇంట్లో ఇంకెవరికీ గుర్తులేకపోయినా దాన్ని మీరు సెంటర్లో మొట్టమొదట చెప్పాలి.

ప్లెయిన్ సీటీ సంగతి ముందు తేల్చేద్దాం. కిడ్నీ రాయి కోసమైతే ప్లెయిన్ సీటీ చాలు. రాయి తెల్లగా దానంతట అదే కనిపిస్తుంది. అందుకే ఈ రోజుల్లో రాళ్లకి ఐవీపీ తీయడం దాదాపు పోయింది. కాలేయంలో గడ్డ అలా కాదు. ఎక్స్‌రే కంటికి కాలేయమూ, గడ్డా, రక్తనాళాలూ కొంచెం ఇటూ అటూగా ఒకే బూడిదరంగు. అయోడిన్ బరువైన మూలకం, ఎక్స్‌రేలని బాగా అడ్డుకుంటుంది. అయోడిన్ ఉన్న మందు రక్తంలో కలిసి ఎక్కడెక్కడికి ఎంత వేగంగా వెళ్లిందో ఫిల్ములో తెల్లగా పడుతుంది. మందు మొదలైన అర నిమిషానికి కాస్త అటూ ఇటూగా ఒకసారి, 70 సెకన్ల ప్రాంతంలో మరోసారి తీస్తాం. మొదటి విడతలో గడ్డ మెరిసి, రెండో విడతలో వెలవెలబోతే అది ఒక రకం జబ్బు. అంచుల నుంచి మెల్లగా నిండుతూ వస్తే అది చాలా వరకు హాని చేయని రక్తనాళాల గడ్డ. ఆ తేడాయే అమ్మగారికి అవసరమైన సమాధానం. ప్లెయిన్ తీయిస్తే డబ్బులూ, రేడియేషనూ ఖర్చయి ‘కాంట్రాస్ట్‌తో మళ్లీ తీయండి’ అని రిపోర్టు వచ్చే అవకాశమే ఎక్కువ. అయోడిన్ మందు వద్దనుకుంటే ఎంఆర్ఐ అనే దారి ఉంది, దాని మందు వేరు. రేడియాలజిస్టుని ఆ మాట కూడా అడగండి.

ఇప్పుడు దద్దుర్లు. 15 ఏళ్ల కిందటి ఐవీపీల్లో, ముఖ్యంగా ఖర్చు తగ్గించుకునే చోట్ల, అయానిక్ రకం మందు ఇంకా వాడేవాళ్లు. అది నీళ్లలో కరిగితే రెండు ముక్కలుగా విడిపోతుంది. దాంతో ద్రావణం గాఢత రక్తం కన్నా అయిదు నుంచి ఏడు రెట్లు ఉండేది. అంత గాఢమైనది నరంలోకి వెళితే చెయ్యి మంట, వాంతి, ఒళ్లంతా వేడి. నేను పనిలో చేరిన కొత్తలో ఇంజెక్షన్ అనగానే ఒక చేత్తో ట్రే పట్టుకుని నిలబడేవాళ్లం, వాంతి అవుతుందని ముందే తెలుసు కాబట్టి.

దీన్ని మార్చాలని పట్టుబట్టింది స్వీడన్ రేడియాలజిస్టు టోర్‌స్టెన్ ఆల్మెన్. బాగా ఉప్పగా ఉండే పడమటి తీరం సముద్రంలో ఈదితే కళ్లు మండుతున్నాయి, ఉప్పు తక్కువున్న బాల్టిక్ నీళ్లలో మండటం లేదు. రక్తనాళంలో నొప్పికి కారణం కూడా ఇదే, గాఢతే అని 1960ల్లో ఆయనకి తట్టింది. విడిపోని అణువు, అంటే నాన్ అయానిక్ మందు, ఆ ఆలోచన నుంచే పుట్టింది. ఈ రోజు మీరు వెళ్లే సెంటర్లో ఉండే ఐయోహెక్సాల్, ఐయోపమిడాల్, ఐయోప్రోమైడ్ అన్నీ ఆ కుటుంబానివే. వీటి గాఢత రక్తానికి రెండు మూడు రెట్లు. ఐయోడిక్సనాల్ అయితే రక్తంతో సమానం.

ఎంత తేడా వచ్చిందో చెప్పడానికి జపాన్‌లో మూడు లక్షల ముప్ఫై ఏడు వేల పైచిలుకు ఇంజెక్షన్లు లెక్కగట్టి 1990లో కతాయమా బృందం ప్రచురించిన అధ్యయనం ఉంది. పాత అయానిక్ మందుతో ఏదో ఒక ఇబ్బంది 12.66 శాతం మందికి వస్తే, నాన్ అయానిక్‌తో 3.13 శాతం మందికి వచ్చింది. తీవ్రమైనవి 0.22 శాతం నుంచి 0.04 శాతానికి పడిపోయాయి. అంటే పదివేల మందిలో నలుగురు. ఆ సంతకం కాగితంలో రాసిన ప్రాణాపాయం అబద్ధం కాదు, కానీ దాని కొలత ఇది. ఆ నలుగురిలో కూడా ఎక్కువమంది, పక్కన మందూ మనిషీ సిద్ధంగా ఉంటే, బతికి ఇంటికి వెళతారు.

అయినా ఇదివరకు ఒకసారి కాంట్రాస్ట్ పడకపోవడం అన్నది, మళ్లీ పడకపోవడానికి మాకు తెలిసిన అన్నిటికన్నా పెద్ద సూచన. ఆస్తమా, ఇతర ఎలర్జీలు దాని తర్వాతే. అందుకే రేడియాలజిస్టుకి మూడు విషయాలు చెప్పండి: అప్పుడు సూది వేసిన ఎంతసేపటికి దద్దుర్లు వచ్చాయి, ఊపిరాడకపోవడం, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరగడం లాంటివి కూడా ఉన్నాయా, ఆసుపత్రిలో ఉంచారా లేక ఒక ఇంజెక్షన్ వేసి పంపేశారా. దద్దుర్లతో ఆగిపోయి ఉంటే సాధారణంగా అప్పటి మందు కాకుండా వేరే మందు ఎంచుకుని, జాగ్రత్తల మధ్య స్కాన్ చేస్తారు. ఊపిరి అందని స్థాయిలో వచ్చి ఉంటే లెక్క మారిపోతుంది. అప్పుడు వేరే పరీక్షతో పని జరుగుతుందా అన్నది ముందు చూడాలి. తప్పనిసరైతే పెద్దాసుపత్రిలో, ఎమర్జెన్సీ డాక్టరు ఉన్నచోటే చేయించాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలా సెంటర్లలో ‘ఎలర్జీ ఉందా, అయితే స్కాన్‌కి ముందు ఏవిల్, హైడ్రోకార్టిజోన్ వేసేస్తాం’ అంటారు. ఏవిల్ ఎలర్జీ మందు, హైడ్రోకార్టిజోన్ స్టెరాయిడ్. టేబుల్ ఎక్కే ముందు పది నిమిషాల్లో ఇచ్చిన స్టెరాయిడ్ ఆ స్కాన్‌కి పనికిరాదు. దానికి గంటలు కావాలి. నరంలోకి ఇచ్చినా నాలుగైదు గంటలైనా ముందు పడాలి. మాత్రల పద్ధతిలో అయితే 13 గంటలు, 7 గంటలు, 1 గంట ముందు మూడు విడతలుగా ఇస్తారు. అలా ఇచ్చినా రియాక్షన్ రాదన్న హామీ లేదు. పైగా అమ్మగారికి షుగర్ ఉంది, స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుంది. కాబట్టి స్టెరాయిడ్ అవసరమా అన్నది ముందు రోజే తేలాలి, కౌంటర్ దగ్గర కాదు.

టెస్ట్ డోస్ కూడా అలాంటిదే. ‘ఒక మిల్లీలీటరు ఎక్కించి చూశాం, ఏమీ కాలేదు’ అంటే మనసుకి నిమ్మళంగా ఉంటుంది. కానీ అది రాబోయేదాన్ని చెప్పలేదు. టెస్ట్ బాగున్నవాళ్లకి పూర్తి డోసులో రావొచ్చు, పడని మనిషికి ఆ ఒక్క మిల్లీలీటరుతోనే రావొచ్చు. దీని మీద భరోసా పెట్టుకుని మిగతా జాగ్రత్తలు వదిలేయడమే నాకు బాధ.

రొయ్యల గురించి మీకు ఎవరో చెప్పి ఉంటారు, రొయ్యల్లో అయోడిన్ ఉంటుంది కాబట్టి ఈ మందు కూడా పడదని. రొయ్యలు పడనివాళ్లకి దురద తెచ్చేది వాటిలోని ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్. అయోడిన్ మనం రోజూ తినే ఉప్పులోనే ఉంది, అమ్మగారు ఆ ఉప్పుతోనే కూర వండుతున్నారు. ఏ ఎలర్జీ ఉన్నవాళ్లకైనా కాంట్రాస్ట్ రియాక్షన్ అవకాశం కాస్త ఎక్కువే, కానీ రొయ్యలకి ప్రత్యేకించి ఏ సంబంధమూ లేదు. బెటాడిన్ పూస్తే దురద వచ్చేవాళ్ల సంగతీ అంతే.

ఇక కిడ్నీలు. క్రియాటినిన్ 1.4 అన్న అంకె ఒక్కటే చూడకండి. అదే 1.4 ముప్ఫై ఏళ్ల మగమనిషికి వస్తే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం అంచనా, 69 ప్రాంతంలో ఉంటుంది. 62 ఏళ్ల ఆడమనిషికి అయితే 42 ప్రాంతంలోకి దిగుతుంది. మేం చూసేది ఈ రెండో అంకె. ఒకప్పుడు కాంట్రాస్ట్ ఇచ్చాక క్రియాటినిన్ పెరిగితే తప్పంతా మందు మీదే వేసేవాళ్లు. తర్వాత, మందు ఎక్కించని పేషెంట్లని కూడా పక్కన పెట్టి పోల్చి చూస్తే, జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నవాళ్లకి మందు లేకపోయినా క్రియాటినిన్ పెరగడం కనిపించింది. 2020లో అమెరికా రేడియాలజీ కాలేజీ, అక్కడి నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ కలిసి చెప్పింది ఏమిటంటే, భయం చాలా ఎక్కువ చేశాం, జాగ్రత్త పడాల్సింది ప్రధానంగా ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తక్కువ ఉన్నవాళ్లకీ, కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతిన్నవాళ్లకీ అని. అలాంటివాళ్లకి స్కాన్‌కి ముందూ తర్వాతా సెలైన్ పెడతారు. 30 నుంచి 44 మధ్య ఉన్నవాళ్లకి డాక్టరు మనిషిని చూసి నిర్ణయిస్తారు. అమ్మగారు ఈ మధ్య గుంపులో ఉన్నారు, కాబట్టి ఈ అంకె చూపించి అడగాల్సిందే. ఆ రిపోర్టు ఎప్పటిదో కూడా చూడండి. ఆ తర్వాత వాంతులు, విరేచనాలు, జ్వరం లాంటివి వచ్చి ఉంటే మళ్లీ చేయించాలి.

కిడ్నీలకి రక్షణ అని ఎసిటైల్‌సిస్టీన్ మాత్రలు రాసే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. 2018లో వచ్చిన పెద్ద అధ్యయనంలో దానివల్ల ప్రయోజనం కనిపించలేదు. దానికన్నా మీరు చేయగలిగినది ఒకటుంది. మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు అమ్మగారు వాడుతుంటే, స్కాన్‌కి ముందూ తర్వాతా వాటిని ఆపే విషయం డాక్టరుని అడగండి. ఇంట్లో ఆవిడని సూటిగా అడగండి కూడా. చాలామంది అమ్మలు ఆ మాత్రలని మందుల కిందే లెక్కపెట్టరు.

మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడు చేయదు. కిడ్నీలు పనిచేయడం తగ్గితే అది ఒంట్లో పేరుకుని రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, అందుకే ఆ జాగ్రత్త. ఈజీఎఫ్ఆర్ 30 పైన నిలకడగా ఉండి, మందు చేతి నరంలోకే ఎక్కిస్తుంటే ఆపనక్కరలేదని అమెరికా, యూరప్ మార్గదర్శకాలు రెండూ చెబుతున్నాయి. 30 కన్నా తక్కువైతే ఆపి, 48 గంటల తర్వాత క్రియాటినిన్ చూసి మళ్లీ మొదలుపెడతారు. మీ సెంటరు వాళ్లు ఎలాగూ ఆపమంటే వాదించకండి. ఆ రెండు రోజులు షుగర్ ఎలా చూసుకోవాలో మాత్రం మీ డాక్టరుని అడిగే ఆపండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే జబ్బు ఉంటే అదీ ముందే చెప్పాలి, ఈ మందులో అయోడిన్ బాగా ఉంటుంది కాబట్టి.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, ఒక ప్రైవేటు సెంటర్లో. నలభై దాటిన ఒకావిడకి స్కాన్ అయింది, అంతా బాగుంది. బస్సు టైమైందని సూది తీసేయమని తొందర పెట్టింది. తీసేశాను. పది నిమిషాలైనా కాలేదు, లిఫ్టు దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోయింది. వెళ్లి చూస్తే పెదవులు లావెక్కాయి, గొంతు బొంగురుపోయింది, చేతికి కట్టిన దూది కింద నుంచి మోచేతి దాకా ఎర్రటి దద్దుర్లు. బీపీ పడిపోయాక నరం దొరకదు. నేను రెండు చేతుల్లోనూ వెతుకుతున్నాను. ఇలాంటప్పుడు ప్రాణం నిలిపే అడ్రినలిన్ ఇంజెక్షన్ బీరువాలో ఉంది, తాళం చెవి ఉన్నతను భోజనానికి వెళ్లాడు. అల్ట్రాసౌండ్ గదిలోంచి డాక్టరుగారు జెల్ అంటిన చేతుల్తోనే పరుగెత్తుకొచ్చారు. బీరువా అద్దం పగలగొట్టి ఆంపూల్ తీసి తొడ కండలోకి అడ్రినలిన్ వేశాక, అయిదారు నిమిషాలకి ఆవిడ ఊపిరి తేలికపడింది. ఆ రాత్రి ఆసుపత్రిలో ఉంచి మర్నాడు పంపారు.

మర్నాడు నేను వెళ్లి కలిశాను. అంతకుముందు వేరే ఊళ్లో ఇలాంటి సూదే వేసినప్పుడు కూడా గొంతు పట్టేసిందని ఆవిడ మామూలుగా చెప్పింది. ‘మరి నిన్న అడిగితే ఎలర్జీ లేదన్నారు కదమ్మా’ అన్నాను. ‘ఎలర్జీ అంటే దురద కదా బాబూ, నాకు దురద రాలేదు’ అంది. ఆ రోజు నుంచి నేను ఎవరినీ ‘ఎలర్జీ ఉందా’ అని అడిగి ఊరుకోలేదు. ‘ఇదివరకు స్కానింగులో సూది వేయించుకున్నారా, వేశాక ఏమైంది’ అని అడుగుతాను. అడ్రినలిన్ తాళం వేసిన చోట ఉంటే మందు తోసే మెషీన్, ఇంజెక్టర్, లోడ్ చేయను.

అందుకే సెంటర్ ఎంచుకునేటప్పుడు మీరు రెండు ప్రశ్నలు అడగండి. స్కాన్ జరిగే సమయంలో డాక్టరు ఆ ఆవరణలోనే ఉంటారా? సీటీ గదిలో అడ్రినలిన్, ఆక్సిజన్ ఉన్నాయా? రియాక్షన్‌లో ప్రాణం నిలిపేది ముందుగా అడ్రినలిన్. పెద్దవాళ్లకి 0.3 నుంచి 0.5 మిల్లీగ్రాములు తొడ కండలోకి వేస్తారు. ఏవిల్, స్టెరాయిడ్ దాని తర్వాతే. ఈ ప్రశ్నలకి విసుక్కునే సెంటర్‌కి వెళ్లకండి. డిస్కౌంటు ఎంత ఇచ్చినా సరే.

స్కాన్ రోజు ఎలా ఉంటుందో అమ్మగారికి ముందే చెప్పండి, టెన్షన్ సగం తగ్గుతుంది. మోచేతి మడతలో కాన్యులా పెడతారు, సాధారణంగా గులాబీ రంగుది. ముందు సెలైన్ తోసి సరిగ్గా ఎక్కుతోందా అని చూస్తారు. మందు సెకనుకి మూడు నాలుగు మిల్లీలీటర్ల వేగంతో వెళుతుంది, మొత్తం 80 నుంచి 100 మిల్లీలీటర్ల దాకా. గొంతులోంచి వేడి కిందికి పాకినట్టు ఉంటుంది, నోట్లో ఇనుప రుచి వస్తుంది, మూత్రం పోయినట్టే అనిపిస్తుంది. నిజానికి పోదు. ఇది చెప్పకపోతే పెద్దవాళ్లు సిగ్గుతో కదిలిపోతారు, ఫిల్ము పాడవుతుంది. ఈ మూడూ మామూలే, ఒక నిమిషంలో పోతాయి. మామూలు కానిది చేతి దగ్గర ఉబ్బు, భరించలేని మంట. అంటే మందు నరం బయటికి పోతోంది. అప్పుడు మొహమాటపడకుండా గట్టిగా అరవమని చెప్పండి, మేం వెంటనే ఇంజెక్టర్ ఆపేస్తాం. అలా అయితే చెయ్యి ఎత్తి పెట్టి చల్లని కాపడం పెడతారు. వాపు పెరిగినా, బొబ్బలు లేచినా, వేళ్లు మొద్దుబారినా సర్జన్ చూడాల్సిందే. ఇంకొకటి, ఇంజెక్టర్ నుంచి పేషెంటు దాకా వచ్చే ట్యూబు ప్రతి మనిషికీ కొత్తది ఉండాలి. కవరు మీ ముందు చించమని అడిగితే తప్పేమీ లేదు.

ఖాళీ కడుపు సంగతి. నాన్ అయానిక్ మందుకి ఉపవాసం అవసరం లేదని యూరప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కడుపు స్కాన్ కాబట్టి మీ సెంటర్ నాలుగు గంటలు తినొద్దు అనొచ్చు, అంతవరకు పర్వాలేదు. నీళ్లు మాత్రం మానిపించకండి. షుగర్ మనిషిని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పస్తు ఉంచి కూర్చోబెట్టడం మంచిది కాదు. ఉదయం మొదటి స్లాట్ అడగండి.

మీరు ఇది తాగే బేరియం లాంటిదేనా అని కూడా అడిగారు. కాదు. బేరియం సల్ఫేట్ నీళ్లలో కరగదు, రక్తంలోకి వెళ్లదు, అన్నవాహికా పేగులూ తెల్లగా చూపించి విరేచనంలో పోతుంది. కరగకపోవడమే దాని రక్ష. 2003లో బ్రెజిల్‌లో బేరియం సల్ఫేట్‌లో బేరియం కార్బొనేట్ కలుషితమై ఉంటే, అది తాగినవాళ్లలో పలువురు చనిపోయారు. కార్బొనేట్ కడుపులోని ఆమ్లానికి కరిగి విషమవుతుంది. పేగుకి చిల్లు పడిందన్న అనుమానం ఉంటే బేరియం అసలు తాగించరు.

‘వెంటనే ఏమీ కాలేదు కదా’ అన్నది ఒక్కటే భరోసా కాదని మా రంగం చాలా బాధాకరంగా నేర్చుకుంది. 1930 ప్రాంతం నుంచి 1950ల దాకా థోరోట్రాస్ట్ అని ఒక మందు వాడారు, థోరియం డయాక్సైడ్. ఫిల్ములు అద్భుతంగా వచ్చేవి, పేషెంటుకి వాంతి కూడా అయ్యేది కాదు. కానీ అది రేడియోధార్మికం, కాలేయంలో చేరి జీవితాంతం అక్కడే ఉండిపోయేది. ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత కాలేయ క్యాన్సర్లు బయటపడ్డాయి. ఇప్పటి అయోడిన్ మందు అలా ఉండిపోదు. కిడ్నీలు బాగుంటే రెండు గంటలకి సగం పోతుంది, ఒక రోజులో దాదాపు అంతా మూత్రంలో వెళ్లిపోతుంది. అమ్మగారికి కొంచెం నెమ్మదిగా పోతుంది.

స్కాన్ అయ్యాక అరగంట అక్కడే కూర్చోండి, కాన్యులా చేతికి ఉంచుకునే. తీవ్రమైన రియాక్షన్లలో ఎక్కువ భాగం మొదటి ఇరవై నిమిషాల్లోనే వస్తాయి. ఎవరైనా ‘అయిపోయింది, వెళ్లండి’ అన్నా ‘ఇదివరకు దద్దుర్లు వచ్చాయి, కాసేపు ఉంటాం’ అని చెప్పి కూర్చోండి. డాక్టరు వద్దనకపోతే ఆ రోజు నీళ్లు కాస్త ఎక్కువ తాగించండి. వారం లోపు ఒంటి మీద దద్దుర్లు లేచే అవకాశం కూడా ఉంది, అవి చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. నోట్లో పుండ్లు, చర్మం ఊడటం, జ్వరం లాంటివి కలిస్తే ఆలస్యం చేయకండి. వచ్చేటప్పుడు ఆ రోజు వాడిన మందు పేరు, ఎన్ని మిల్లీలీటర్లు ఇచ్చారు అన్నది రిపోర్టు మీదే రాయించుకోండి.

ఇంకొక పని ఉంది. ఆ పాత ఐవీపీ ఫిల్ముల కవరు బీరువా పైనో, సూట్‌కేసులోనో ఉండి ఉంటుంది. మన ఇళ్లలో ఫిల్ములు పారేయరు. కవరు మీద గానీ, లోపలి రిపోర్టులో గానీ మందు పేరు రాసి ఉండొచ్చు. ఆ పేరు తెలిస్తే అదే మందు మళ్లీ ఎక్కించకుండా ఆపగలం. అది దొరికితే పేరు నాకు రాయండి, అయానిక్ రకమో కాదో చెబుతాను. దొరకకపోయినా దద్దుర్లు వచ్చిన సంగతి ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, డాక్టరు చీటీకి పిన్ చేసి ఇవ్వండి.